విడిచిన కారణం: ఒక అడ్మిషన్ రిజిస్టరు ఆత్మకథ

నేను అడ్మిషన్ రిజిస్టరును. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో, తుంగభద్ర ఒడ్డున ఉన్న ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో, ఇనప బీరువా పై అరలో ఉంటాను. హాజరు పట్టీలు ఏటా మారతాయి, పాతవాటిని కొన్నేళ్ళకు తీసేస్తారు. నన్ను మాత్రం తీసేయకూడదు. శాశ్వత రికార్డు అని నా అట్టమీదే రాసి ఉంది.

1957 జూన్‌లో నా మొదటి పేజీ మొదలైంది. అంతకు ఏడెనిమిది నెలల ముందు దాకా మా గద్వాల, ఆలంపూర్ తాలూకాలు హైదరాబాద్ రాష్ట్రంలో, రాయచూరు జిల్లాలో ఉండేవి. 1956 నవంబరులో భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో కలిశాయి. అందుకే నా తొలి పేజీల్లో మాతృభాష గడిలో తెలుగుతో పాటు కన్నడం, ఉర్దూ కూడా కనబడతాయి. అడ్మిషన్ నంబరు, పేరు, తండ్రి పేరు, వృత్తి, కులం, పుట్టిన తేదీ అంకెల్లో, అదే తేదీ మళ్ళీ అక్షరాల్లో, చేరిన తరగతి... ఇలా సాగి సాగి చివరికొచ్చేసరికి ‘విడిచిన కారణం’ అనే గడి ఉంటుంది. పిల్లల పేర్లు నేను బయట పెట్టను. నంబర్లతోనే చెబుతాను.

9వ నంబరు చేరిన రోజు నాకు బాగా గుర్తు. తండ్రి భుజాన తువ్వాలుతో గుమ్మం బయటే నిలబడ్డాడు.

“ఎప్పుడు పుట్టిండు?” అని సారు అడిగాడు.

“జొన్న కోతలప్పుడు సారూ. ఆ ఏడు ఏరు బాగొచ్చింది.”

సారు పిల్లవాణ్ణి దగ్గరికి పిలిచి, కుడిచెయ్యి తలమీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమన్నాడు. అందింది. వేళ్ళమీద ఏదో లెక్కవేసి 1-7-1951 అని రాశాడు. జొన్న కోతలు జూలైలో జరగవని ఆయనకు తెలియక కాదు. బడిలో చేర్చుకోవడానికి ఏదో ఒక తేదీ కావాలి. ఇంట్లో మంత్రసాని చేతిలో పుట్టిన పిల్లల వివరం ఎక్కడా రాసిపెట్టని కాలం అది. జనన మరణాలు నమోదు చేయాలన్న దేశవ్యాప్త చట్టం 1969లో గాని రాలేదు. ఆ పేజీ తిప్పి చూడండి, సగం మంది పిల్లలు జూలై ఒకటినే పుట్టారు. వాళ్ళమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఆ తేదీ నా దగ్గర నుంచి టీసీలోకి, టీసీ నుంచి పదో తరగతి సర్టిఫికెట్‌లోకి, అక్కడి నుంచి సర్వీసు రిజిస్టరులోకి వెళ్ళింది. 9వ నంబరు ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. 1983లో రాష్ట్ర ప్రభుత్వం రిటైర్మెంటు వయసును 58 నుంచి 55కు తగ్గించినప్పుడు ఉద్యోగులందరికీ పుట్టిన తేదీ మీద గుబులు పుట్టింది. వయసు తర్వాత మళ్ళీ 58 అయింది. కానీ 1984లో వచ్చిన నిబంధనల ప్రకారం సర్వీసు రిజిస్టరులో ఎక్కిన పుట్టిన తేదీ ఇక మారదు. 9వ నంబరు 2009 జూన్ 30న దిగిపోయాడు. ఒకటో తేదీన పుట్టినవాడు అంతకు ముందు నెల ఆఖరి రోజునే దిగిపోవాలని రూలు. వాళ్ళమ్మ లెక్క ప్రకారం అతనికి ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది. ఆ మాట చెప్పుకోవడానికి ఒకసారి బడికొచ్చాడు. నన్ను తెరిపించి, తన వరుస మీద వేలు పెట్టి, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాడు. సారు వేళ్ళమీద వేసిన లెక్క అతని రెండేళ్ళ జీతం తినేసింది. నామీద రాసిన అంకె అది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అదే సారు ఇంకో పని కూడా చేశాడు, అది చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినట్టే. 1960లో దళితవాడ నుంచి 31వ నంబరు వచ్చాడు. ఊళ్ళో పెద్దా చిన్నా ఆ పిల్లవాణ్ణి ‘గాడు’ చేర్చే పిలిచేవారు. తండ్రి కూడా కొడుకు పేరు అలాగే చెప్పాడు, ఎందుకంటే ఇంకోలా పిలవగా ఆయన వినలేదు. సారు ఒక్క క్షణం ఆగి, ఆ పేరు చివర ‘అయ్య’ అని రాశాడు. అప్పటినుంచి హాజరు పిలిచినప్పుడల్లా ఆ గదిలో, ఊరి పిల్లలందరి ముందూ, అతను అయ్య. ఆ ఊళ్ళో అతన్ని అయ్య అన్న మొదటి గొంతు బడిది.

కులం గడి సంగతి వేరు. ఆ గడి చూసే వాడ పిల్లల్ని వెనక వరుసలో విడిగా కూర్చోబెట్టిన రోజులు నేను చూశాను. తర్వాత అదే గడి చూపించి హాస్టల్లో సీటు, స్కాలర్‌షిప్పు తెచ్చుకున్న పిల్లల్నీ చూశాను. గడి మారలేదు, ప్రభుత్వం దాన్ని చదివే తీరు మారింది. 214వ నంబరు అలాగే గద్వాల సంక్షేమ హాస్టలుకు వెళ్ళాడు. అతను నాలో చేరిన 1971లోనే, పి.వి. నరసింహారావు చొరవతో, అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో రాష్ట్రపు తొలి గురుకులం తెరిచారు. పేదపిల్లలకు మంచి బడి పెడితే ఏమవుతుందో రాష్ట్రం మొదటిసారి పరీక్షించి చూసుకున్న ఏడాది అది. 214 టీచరు ట్రైనింగు చేసి, ఈ బడికే హెడ్‌మాస్టరుగా వచ్చాడు, అదీ రెండు విడతలుగా. అతని మాట మళ్ళీ వస్తుంది.

ఆడపిల్లల గురించి చెప్పాలి. పద్నాలుగేళ్ళలోపు పిల్లలందరికీ పదేళ్ళలో ఉచితంగా చదువు అందించాలని రాజ్యాంగం 45వ అధికరణలో రాసుకున్నాం. ఆ గడువు 1960తో ముగిసింది. 1960 నాటి నా పేజీల్లో ఆడపిల్లల్ని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. 1991 జనగణన నాటికి కూడా ఆంధ్రప్రదేశ్‌లో చదవను రాయను వచ్చినవాళ్ళు నూటికి 44 మందే. ఆడవాళ్ళలోనైతే 33 మంది కూడా లేరు.

1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ళ వరకు చదువు ప్రాథమిక హక్కేనని తీర్పు ఇచ్చింది. ఆ హక్కు రాజ్యాంగ సవరణగా మారింది 2002లో. చట్టమై అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. నడుమ పదిహేడేళ్ళు. నా 588వ నంబరు ఆ తీర్పు వచ్చిన ఏడే పుట్టింది. 1998లో నాలో చేరింది. 2002లో బడి మానేసింది. చట్టం అమల్లోకి వచ్చేసరికి ఆమెకు పెళ్ళి అయిపోయింది.

ఎందుకు మానేసిందో మా ఊరందరికీ తెలుసు. నడిగడ్డలో సీడు పత్తి, అంటే విత్తనాల కోసం పెంచే పత్తి, వేస్తారు. పూత మొదలయ్యాక క్రాసింగ్ పని ఉంటుంది. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ఒలిచి, అందులోని పుప్పొడి తిత్తులను గోటితో గిల్లేయాలి. తెల్లవారి వేరే రకం పువ్వు తెచ్చి ఆ మొగ్గకు దాని పుప్పొడి అద్దాలి. ఒక్కో మొగ్గనూ ఇలాగే, రోజుల తరబడి. చిన్న వేళ్ళకైతే మొగ్గ చెడదని, కూలీ కూడా తక్కువని ఆడపిల్లల్ని పిలుస్తారు. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇస్తారు. పిల్లలు సరిగ్గా బడి సాగే నెలల్లోనే కనబడకుండా పోతారు. 588 వరుసగా రెండేళ్ళు అలా వెళ్ళింది. మూడో ఏడు తిరిగి రాలేదు. అప్పటి సారు ఆమె పేరు మీద ఎర్ర సిరాతో గీత గీసి, చివరి గడిలో ‘దీర్ఘకాలం గైరుహాజరు’ అని రాశాడు. నా పేజీల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు కనబడే మాట అదే.

రాసినవాణ్ణి ఒక్కణ్ణే నేను తప్పుపట్టను. నూరు శాతం నమోదు చూపించాలని పైనుంచి ఒత్తిడి ఉండేది. జూన్‌లో ఇంటింటికీ తిరిగి పేర్లు ఎక్కించేవారు, సెప్టెంబరులో ఆ పిల్లలు చేలల్లో ఉండేవారు. అయినా పైకి వెళ్ళిన లెక్కల్లో వాళ్ళంతా బడిలోనే ఉన్నారు. కొన్నేళ్ళు నా పక్కనున్న హాజరు పట్టీలో లేనివాళ్ళకు కూడా హాజరు పడింది. బడిలో ఉన్నారని కాగితం చెబుతున్నప్పుడు వాళ్ళను వెతకడానికి ఏ అధికారి బయల్దేరతాడు? అబద్ధపు నమోదు చేసే కీడు ఇదే. పిల్లను బడికి దూరం చేసింది పేదరికమే కావచ్చు, ప్రభుత్వం కంటికి కనబడకుండా చేసింది మాత్రం ఈ తప్పుడు లెక్క.

పక్కనున్న రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి శాంతా సిన్హా నడిపించిన ఎం.వి. ఫౌండేషన్ ఈ లెక్కనే తిరగరాసింది. బడిలో లేని పిల్ల ఎక్కడున్నా బాలకార్మికురాలే అన్నది వాళ్ళ మాట. ఇంటిపని, పశువుల పని, చేనిపని అన్న తేడా లేదు. పనిలోంచి తెచ్చిన పిల్లల్ని శిబిరాల్లో కొన్నాళ్ళు చదివించి వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టారు. అదే పద్ధతి 2010లో అమల్లోకి వచ్చిన ఆ చదువు హక్కు చట్టంలో నాలుగో సెక్షన్ అయింది. ప్రాథమిక విద్య పూర్తయ్యేదాకా పిల్లను బడి నుంచి తీసేయకూడదన్నది పదహారో సెక్షన్. నా పేజీల్లో ఎర్ర గీతలు అప్పటినుంచి తగ్గాయి. 2003లో మొదలైన మధ్యాహ్న భోజనం కూడా పనిచేసింది. వండిన అన్నం వాసన ఊళ్ళోకి వెళితే ఎవరూ పిలవకుండానే పిల్లలు వచ్చేవారు.

2009 అక్టోబరు 2. ఆ రోజు గాంధీ జయంతి. కృష్ణ, తుంగభద్ర రెండూ ఒక్కసారే పోటెత్తి కర్నూలును, ఆలంపూర్‌ను, నది ఒడ్డు ఊళ్ళను ముంచేశాయి. మా బడి గదుల్లోకి నీళ్ళు వచ్చేశాయి. 214 మోకాలి లోతు నీళ్ళలో వచ్చి బీరువా తెరిచి, నన్ను ఒక యూరియా సంచిలో చుట్టి నెత్తిన పెట్టుకుని మిట్టకు నడిచాడు. కింది అరల్లోని హాజరు పట్టీలు, తనిఖీ పుస్తకాలు ముద్దముద్దయిపోయాయి. నా అంచులు తడిశాయి, 1957 నాటి సిరా కొంత అలుక్కుపోయింది. అతను పేజీకీ పేజీకీ నడుమ పాత పేపరు పెట్టి వారం పాటు ఆరబెట్టాడు.

నీళ్ళు తీశాక జనం వచ్చారు. రేషన్ కార్డులు, పాసు పుస్తకాలు, పదో తరగతి మెమోలు అన్నీ కొట్టుకుపోయాయి. నువ్వెవరు అని ఏ ఆఫీసులో అడిగినా చూపించడానికి వాళ్ళ దగ్గర ఒక్క కాగితం లేదు. బడిలో పేరున్నవాళ్ళకు 214 నన్ను చూసి సర్టిఫికెట్ రాసిచ్చాడు. బడి ముఖం చూడనివాళ్ళు అరుగు మీద కూర్చుని కూర్చుని వెళ్ళిపోయారు. వాళ్ళకు నేను ఏ సాయమూ చేయలేకపోయాను.

నా మాటకు విలువ ఎక్కువ. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో వయసు తేల్చాల్సి వస్తే ముందు చూడాల్సింది బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రమో, పదో తరగతి సర్టిఫికెట్టో. ఉద్యోగాల్లో స్థానికత కూడా బడిని బట్టే తేలుతుంది. 1969లోనూ, 1972లోనూ జరిగిన ఉద్యమాల తర్వాత 371-డి అధికరణ వచ్చింది, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. వాటి ప్రకారం నువ్వు ఏ జిల్లావాడివో తేల్చేది నీ పొలం కాదు, నువ్వు చదివిన బడి. తెలంగాణలో 2018 ఉత్తర్వు ఒకటి నుంచి ఏడో తరగతి దాకా చదివిన చోటును లెక్కలోకి తీసుకున్నాక మాలాంటి చిన్న బడి రిజిస్టర్ల బరువు ఇంకా పెరిగింది. నోటిఫికేషన్ పడిందంటే చాలు, స్టడీ సర్టిఫికెట్ల కోసం బడి ముందు యువకులు బారులు తీరతారు. అమ్మానాన్నలతో బొంబాయికో పుణేకో వలసపోయి బడి తప్పినవాళ్ళు మాత్రం పుట్టిన ఊళ్ళోనే స్థానికులమని చెప్పుకోవడానికి తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగాలి.

2016 జూన్‌లో 588 తన కూతుర్ని చేర్చడానికి వచ్చింది. పాప నంబరు 1140. సంతకం పెట్టాక, “నా పేరుందా సారూ?” అని అడిగింది. 214 పాత పేజీలు తిప్పి చూపించాడు. ఆమె కూడబలుక్కుంటూ ఒక్కొక్క గడీ చదివింది. ఎర్ర గీత దాటి చివరి గడికొచ్చి ఆగింది.

“గైరుహాజరంటే ఏంది సారూ?”

ఆయన చెప్పాడు. ఆమె కాసేపు నావంకే చూసింది.

“నేను యాడికీ పోలే సారూ. బడెనక చేన్లనే ఉంటి. పిలవనీకె ఎవరూ రాలే.”

ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. 2011 లెక్కల ప్రకారం ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా అక్షరాస్యతలో తెలంగాణలోనే అట్టడుగున ఉంది. చదవడం వచ్చినవాళ్ళు సగం మంది కూడా లేరు. ఆ అంకె వెనక 588 లాంటివాళ్ళు ఎందరో ఉన్నారు. నేరం వాళ్ళది కాదు. పిలవాల్సినవాళ్ళు పిలవలేదు.

ఇప్పుడు పిల్లల వివరాలన్నీ ఆన్‌లైన్‌లో ఎక్కిస్తున్నారు. 2023 అక్టోబరు 1న గాని ఆ తర్వాత గాని పుట్టిన పిల్లలకు జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి రుజువని చట్టం చేశారు. మంచిదే. ఇకమీదట ఏ సారూ వేళ్ళమీద లెక్కవేసి ఎవరి సర్వీసూ తగ్గించడు. కానీ చివరి గడి అలాగే ఉంది. దాన్ని ఏ ధ్రువపత్రమూ నింపదు, సారే నింపాలి.

ఈ బడికి ఇప్పుడున్న సారుకూ, రేపు వచ్చే సారుకూ, మీ ఊళ్ళో నాలాంటి రిజిస్టరు మీద సంతకం పెట్టే ప్రతి ఒక్కరికీ ఒకటే మనవి. ఆ గడిలో కలం పెట్టే ముందు ఆ పిల్ల ఇంటిదాకా ఒకసారి నడిచి వెళ్ళండి. మా ఊరు చిన్నది. బడి నుంచి ఆఖరి ఇంటికి పది నిమిషాల దారి.