అడుగు చూడప్పా!

రొళ్లలో మా చిన్నాయన ఇంటికి పోయేవాళ్లు నిలబడి మాట్లాడటం అలవాటు చేసుకున్నారు. వాకిట్లో, వక్కతోటకు ఎదురుగా, వేపపలకలతో చేసిన బెంచీ ఉంది. ముగ్గురు హాయిగా కూర్చోవచ్చు, ఆయన కూర్చోనిస్తే. కూర్చున్నామో లేదో, "రవ్వంత లెయ్యప్పా" అంటాడు. లేస్తాం. బెంచీని వెల్లకిలా తిప్పుతాడు. "పైన యాడన్నా స్క్రూ కనపడిందా? కనపడదు. ఉండేదంతా అడుగుననే!"

రిటైరైన అయ్యవార్లలో ఈ రకం ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. సర్వీసంతా సుద్దముక్క పట్టిన చెయ్యి ఊరకే ఉండలేక ఫోన్లో వీడియోలు చూస్తుంది, పార్సిళ్లు తెప్పిస్తుంది. 2022లో మా మండలం అనంతపురం నుంచి శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయిన సంగతి చిన్నాయనకు పార్సిల్ అడ్రసు మార్చాల్సి వచ్చినప్పుడే తట్టింది.

అట్లా వచ్చిందే పాకెట్ హోల్ జిగ్. చేతిలో పట్టేంత ప్లాస్టిక్ దిమ్మె, అందులో ఏటవాలుగా ఉక్కు గొట్టాలు. దాన్ని పలకకు బిగించి డ్రిల్లు ఆడిస్తే 15 డిగ్రీల వాలులో రంధ్రం పడుతుంది. బిట్టు వెనక లావు, కొసన సన్నం. లావుది స్క్రూ తల దాక్కోవడానికి గూడు తొలుస్తుంది, సన్నది స్క్రూకు దారి వేస్తుంది. ముప్పావు అంగుళం పలకకు అంగుళంపావు స్క్రూ. మెత్తటి చెక్కకు పెద్ద మరలు, గట్టి చెక్కకు సన్న మరలు. ఇదంతా నాకెట్లా తెలుసంటారా? అప్పజెప్పందే ఆ ఇంట్లో కాఫీ రాదు.

ఈ జిగ్‌కు పేరు తెచ్చినాయన అమెరికాలో అయోవా రాష్ట్రపువాడు, క్రెయిగ్ సొమ్మర్‌ఫెల్డ్. 1980లలో తన వంటింటి అలమరల కోసం తయారు చేసుకున్నాడు. చిన్నాయన ఆయన్ని "మన క్రెయిగ్" అంటాడు. సొంత తోడల్లుడి పేరు మాత్రం ఎప్పుడూ తడుముకుంటాడు.

చిక్కల్లా ఇక్కడే ఉంది. ఈ పనితనం గొప్పంతా కనపడకపోవడంలో ఉంది. మా చిన్నాయనకు కనపడనిదాన్ని ఓర్చుకునే గుణం లేదు. పోనీ రంధ్రాలు పైకే పెట్టకూడదా అంటే, "వాన నీళ్లు గూట్లో నిలిచి చెక్క కుళ్లదా?" అని గదమాయిస్తాడు. నిజమే. ఆరుబయట వస్తువు కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలే వేశాడు, నీళ్లు జారిపోయేటట్టు పలకల మధ్య సందు వదిలాడు. మోకాళ్ల నొప్పులతో చిన్నమ్మ లేవలేదని, ఆమె మోకాలి దగ్గర టేపు పెట్టి కొలిచి మరీ బెంచీ ఎత్తు ఖాయం చేశాడు. ఇన్ని మంచి పనులు చేసిన మనిషిని తిట్టుకోవడానికి మనసు రాదు. వచ్చేలోపల మళ్లీ లేపుతాడు.

రత్నగిరి కోట చూద్దామని వచ్చిన చుట్టాలకు కూడా బెంచీ అడుగు చూశాకే కోట. దానికీ సర్దుకున్నాం. మా అమ్మాయి సంబంధానికి కర్ణాటక సరిహద్దు దాటి సిరా పోయిన రోజే నేను మరిచిపోలేను. ఇంకా పిల్లవాడి ఉద్యోగం దాకా మాట రాలేదు. ఈయన లడ్ల పళ్లెం తీసి కాబోయే వియ్యంకుడి ఒళ్లో పెట్టి, టీపాయ్ తిరగేశాడు. "మేకులు కొట్టినారే!" అన్నాడు, ఎవరో పోయినంత బాధగా. వాళ్లు కన్నడంలో ఏదో గొణుక్కున్నారు. మా సరిహద్దులో అదొక చిక్కు, ఆయనకు కన్నడం బాగా వచ్చు. 15 డిగ్రీల సంగతి కన్నడంలోనే మొదలుపెట్టాడు. సంబంధం కుదిరింది గాని, ఆ తర్వాత వాళ్లింట్లో టీపాయ్ కనపడలేదు.

మొన్న ఊళ్లోని ముసలి ఆచారి వచ్చాడు. ఉలితో బెజ్జం తొలిచి, రెండో చెక్క కొస అందులో దిగగొట్టి, ఇనుప మేకు ముట్టకుండా వాకిళ్లు నిలబెట్టిన చెయ్యి. చిన్నాయన ఎదురుచూసిన ఇన్‌స్పెక్టరు ఈయనే. ఆచారి బెంచీ మీద కూర్చున్నాడు, అటూ ఇటూ ఊగి చూశాడు, కాళ్లు పైకి తీసి మఠం వేసుకున్నాడు.

"లెయ్ ఆచారీ, అడుగు చూద్దువు."

"యాల సారూ, కదల్లేదు కదా" అని ఆకువక్క తీశాడు.

ఇంకేం చేస్తాడు? చిన్నాయనే ఫోను టార్చి వేసుకొని బెంచీ కింద దూరాడు. అక్కడ వెల్లకిలా పడుకొని ఒక్కొక్క స్క్రూ గురించి చెబుతుంటే, పైనుంచి ఆచారి "ఊఁ, ఊఁ" అంటూ చిన్నమ్మతో వక్కల రేటు మాట్లాడుతున్నాడు.