కరణం కనబడితే తీసుకోవలసిన జాగ్రత్తలు

కోటవురట్లలో వరాహ నది వారగా అరెకరం కొనాలన్నా, పిల్లను డాన్సు నేర్చుకోను పంపాలన్నా, పిల్లాడి చేత వ్యాకరణం వల్లె వేయించాలన్నా ముందు కరణం సంగతి తేల్చుకోండి. ఈ మాట ఎక్కడ కనబడినా అర్థం ఒకటే: చెవి మీద కలం, చంకలో దస్త్రం ఉన్న గ్రామ లెక్కల మనిషి. శాస్త్రానికో అర్థం గుర్తుపెట్టుకోవడం చదువుకున్నవాళ్ల దండగ పని. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులు రద్దు చేసిన మాట నిజమే. పదవి పోతే పోయింది, కరణం ఎక్కడికి పోతాడు? పంచాంగంలోకి మకాం మార్చాడు.

తిథి, వారం, నక్షత్రం, యోగం తరవాత ఐదో అంగం ఆయనే. కరణమంటే తిథిలో సగమనీ, సూర్యుడికి చంద్రుడు ఆరు డిగ్రీలు ఎడమైతే ఒక కరణం గడిచినట్టనీ పంతులుగారు చెబుతారు. వినకండి, పేర్లు చూడండి. బవ, బాలవ, కౌలవ, తైతుల, గరజి, వణిజ, భద్ర. ఈ ఏడుగురూ చరాలు, అంటే బదిలీల మీద తిరిగేవాళ్లు. చాంద్రమాసంలో ఒక్కొక్కరు ఎనిమిదిసార్లు డ్యూటీకి వస్తారు. శకుని, చతుష్పాత్, నాగవం, కింస్తుఘ్నం స్థిరాలు, అనగా పర్మినెంటు. వీళ్లు నెలకు ఒక్కసారే, అదీ అమావాస్య చుట్టుపక్కల కనిపిస్తారు. మొత్తం 60. పర్మినెంటు పోస్టులో శకుని ఉన్నాడంటే పాత దస్త్రాల్లో సరిహద్దులు ఎందుకలా ఉన్నాయో మీకే తెలుస్తుంది.

మంచిరోజు అడిగేటప్పుడు మాట ఇలా నడిపించండి:

“ఈయేల కరణం ఎవులండీ పంతులుగోరూ?”

“భద్ర. శుభకార్యానికి పనికిరాదు.”

“ఆవిడెప్పుడొచ్చిందండీ? మునుపటాయన మంచోడే కదా!”

పంతులుగారు పంచాంగం మూసేస్తే, రహస్యం పట్టేసినట్టే. వెంటనే తహసీల్దారు ఆఫీసుకి వెళ్లి అడంగల్‌లో బాలవ సంతకం ఏదని నిలదీయండి. గుమాస్తా నవ్వాడా, ఏదో దాస్తున్నాడు.

నాట్యం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. భరతుడి నాట్యశాస్త్రం నాలుగో అధ్యాయంలో ఏకంగా 108 కరణాలున్నాయి. ఒక్క ఊరికి ఇంతమందా? చెయ్యీ కాలూ కలిసి కదిలితే అది కరణమని డాన్సు మాస్టారు సర్దిచెబుతారు. చిదంబరం గోపురాల మీద శిల్పాలున్నాయి చూసుకోమంటారు. చూడండి, తప్పు లేదు. వాటిలో వృశ్చిక కరణం ఒక్కటీ నేర్చుకుంటే చాలు. ఒక కాలు వెనక్కి ఎత్తి, తేలు తోకలా తల మీదకి వంచాలి. గట్టు తగాదాలో ఆ భంగిమలో నిలబడితే రెండో కాలు పక్కవాడి పొలంలో పెట్టారని ఏ సర్వేయరూ రాయలేడు.

తెలుగు మాస్టారితో పేచీ వద్దు. “కత్తితో కోశాడు” అంటే కత్తి కరణమట, పనికి సాధనమైంది కాబట్టి. అంతే తేడా, మునుపు కలంతో కోసేవారు. లెక్కల మాస్టారిదీ అదే దారి. పాతవాళ్లు కరణంగారిని కర్ణంగారనే పిలిచేవారు కనక లంబకోణ త్రిభుజంలో కర్ణం కూడా ఆయనే. మూడు భుజాల్లోనూ పెద్దది ఆయన వాటాకి వచ్చిందంటే ఆశ్చర్యమేముంది?

వేదాంతులు అంతఃకరణం అంటారు. ఆఫీసు లోపలి గదిలో కూచునే కరణమన్నమాట. అందులో మనస్సు, బుద్ధి, చిత్తం, అహంకారం అని నాలుగు సీట్లు. ఫైలు ఆగేది నాలుగో సీటు దగ్గర. బ్రహ్మగుప్తుడు 665లో రాసిన ఖండఖాద్యకాన్ని కరణ గ్రంథం అంటారు. గ్రహాల స్థానాలు తేలిగ్గా లెక్కగట్టుకునే పుస్తకమని పండితుల మాట. మీ తాతగారి పట్టా అందులో ఉందేమో ఓసారి తిరగేయండి, నష్టం లేదు.

భద్ర వెళ్లాకే దస్తావేజు రాసుకుంటానంటే మీ ఇష్టం. నర్సీపట్నం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మాత్రం భద్రలోనూ తెరిచే ఉంటుంది. ఆదివారం ఉండదు.