పట్టాలెక్కిన కారు, పోర్టలెక్కిన చట్టం

2025 జూన్ 26న శంకర్‌పల్లి దగ్గర ఓ కారు రోడ్డు వదిలి రైలు పట్టాలెక్కింది. సైబరాబాద్ పరిధిలో ఓ వాహనం ఎక్కడా జామ్‌లో ఇరుక్కోకుండా కిలోమీటర్ల కొద్దీ వెళ్లడం ఈమధ్య కాలంలో అదే మొదటిసారి కాబోలు. రైళ్లు ఆగాయి, కొన్నింటిని దారి మళ్లించారు. నడిపినావిడ ఏ స్థితిలో ఉందో డాక్టర్లు చూసుకోవాల్సిన సంగతి, మనం నవ్వాల్సింది కాదు. వీడియో మాత్రం మధ్యాహ్నానికల్లా మైండ్‌స్పేస్ ఫుడ్ కోర్టుల్లో బిర్యానీతో పాటు తిరిగింది.

వారం తిరక్కముందే, సర్కారు తొలగింపు నోటీసుల మీద ఎక్స్ (పాత ట్విటర్) వేసిన కేసులో, ఆ కారు కర్ణాటక హైకోర్టుకు చేరింది. వీడియో తీసేయమని రైల్వే శాఖ నోటీసిచ్చిందని ఎక్స్ తరఫు లాయరు కె.జి. రాఘవన్ చెప్పుకున్నారు. ప్రతి టామ్, డిక్, హ్యారీ ఆఫీసరుకూ ఈ అధికారమిస్తే ఎట్లా అన్నారు. వాళ్లు చట్టబద్ధమైన అధికారులండీ, టామూ డిక్కూ కాదు అని సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా కోప్పడ్డారు. పట్టాల మీదికి కారెలా వచ్చిందని రైల్వేను అడిగే పోర్టల్ మాత్రం ఇంకా ఎవరూ పెట్టలేదు.

సెప్టెంబరు 24న జస్టిస్ ఎం. నాగప్రసన్న ఎక్స్ పిటిషన్ కొట్టేశారు. సర్కారు ఈ తొలగింపు నోటీసులు పంపే 'సహయోగ్' పోర్టల్ నిలిచింది. ఇక్కడ దుకాణం పెట్టినవాడు ఇక్కడి చట్టం పాటించాలనడంలో నాకేం పేచీ లేదు. కొండాపూర్‌లో మిర్చి బండివాడికి లేని మినహాయింపు అమెరికా కంపెనీకెందుకు? పైగా ఎక్స్ వారి స్వేచ్ఛా పోరాటం దేశాన్ని బట్టి మారుతుంది. 2023 మే ఎన్నికల ముందు తుర్కియే అడిగితే కొన్ని పోస్టులకు తెర వేశారు. 2024లో బ్రెజిల్ కోర్టు మీద తొడగొట్టి, ఆగస్టు చివర దుకాణం మూతపడితే అక్టోబరుకల్లా జరిమానా కట్టి తలుపు తీయించుకున్నారు.

అయితే కంపెనీ లొంగితే పోస్టు మాయం, లొంగకపోతే నోటీసు మీ ఇంటికే. కంచ గచ్చిబౌలి అడవి సంగతే చూడండి. మష్రూమ్ రాక్ ముందు బుల్డోజర్లు, ఎదురుగా నెమలి, జింకలు. ఇదీ ఏఐ గీసిన గిబ్లీ శైలి బొమ్మ. అక్కడి అడవి కొట్టివేతను 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది. 12న గచ్చిబౌలి పోలీసులు నోటీసిచ్చారు. బుల్డోజరుకు కాదు, బొమ్మను రీపోస్ట్ చేసిన ఐఏఎస్ అధికారి స్మితా సభర్వాల్‌కు. ఆమె వెళ్లి వాంగ్మూలమిచ్చి, ఇదే బొమ్మ పంచుకున్న మిగతా 2,000 మందికీ నోటీసులిస్తారా అని అడిగారు. నెలాఖరుకు బదిలీ అయ్యారు. రెండింటికీ లంకె ఉందని నేననను. అంటే ఇదీ ఒక పోస్టే అవుతుంది.

అసలు పేచీ సంతకం దగ్గర. జడ్జి రాసిన ఆర్డరైతే కారణం ఉంటుంది, అప్పీలుంటుంది. పోర్టల్ నోటీసు ఆఫీసు నుంచి కంపెనీకి నేరుగా పోతుంది. పోస్టు రాసినవాడి మొర మధ్యలో వినేదెవరు? పోస్టుల్లోని రాజకీయ విమర్శల మీద యాంత్రికంగా కేసులు పెట్టొద్దని, ఎక్స్ పిటిషన్ పోయిన సెప్టెంబరులోనే తెలంగాణ హైకోర్టు పోలీసులకు మార్గదర్శకాలిచ్చింది.

కేంద్రానికీ ఏదో తట్టినట్టుంది. కేసు గెలిచిన నెలలోపే, అక్టోబరు 22న, రూల్సు మార్చింది. ఇకమీద జాయింట్ సెక్రటరీ స్థాయివారు, పోలీసుల్లోనైతే డీఐజీకి తగ్గనివారు సంతకం పెట్టాలట. అంటే టామ్‌నూ డిక్‌నూ పక్కన కూర్చోబెట్టి, ప్రమోషన్ వచ్చిన హ్యారీ చేతికి పెన్నిచ్చారు.