యాభై కేఏ బొట్టు

బళ్లారి జిల్లాలో మోక చుట్టుపక్కలా, సిరుగుప్ప వైపూ ఉన్న బియ్యం మిల్లుల్లో, పత్తి జిన్నింగు షెడ్లలో కరెంటు ప్యానెల్ తలుపు మీద మామూలుగా మూడు రక్షలు కనిపిస్తాయి. మొదటిది ఆయుధపూజ నాడు పెట్టిన గంధం, కుంకుమ. రెండోది పుర్రె, కింద రెండు ఎముకలు. 250 వోల్టులు దాటిన ప్రతి చోటా హిందీలోనో ఇంగ్లీషులోనో, దాంతోపాటు జిల్లా భాషలోనూ హెచ్చరిక పెట్టాలనీ, పుర్రె బొమ్మ ఐఎస్ 2551 ప్రకారం ఉండాలనీ కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 నిబంధనల్లో రాసింది. మూడోది తయారీదారు బిగించిన మెరిసే రేకు. దాని మీద ఇంగ్లీషులో ‘50 కేఏ, 1 సెకను’ అని ఉంటుంది. మొదటిదాన్ని వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. అది ఎన్ని కిలో ఆంపియర్లు ఆపుతుందో ఎవరూ రాసివ్వలేదు కనుక అబద్ధం ఆడే అవకాశమే దానికి లేదు. పుర్రె ఏ భాషా చదవనివాడికి కూడా అర్థమవుతుంది. 1953లో బళ్లారి మైసూరుకూ, ఆలూరు, ఆదోని ఆంధ్రకూ పోయాక కూడా ఈ సరిహద్దులో బోర్డు కన్నడంలో, మెకానిక్కు తెలుగులో నడుస్తున్నారు కదా, పుర్రెకు ఆ ఇబ్బంది లేదు. నా తగువంతా మూడోదానితోనే. శాస్త్రం పేరు చెప్పుకుని తలుపెక్కిన ఆ యాభై చాలా చోట్ల కుంకుమ పక్కన పెట్టిన ఇంకో బొట్టు, అంతే.

ఆ అంకె ఇస్తున్న హామీ చిన్నదేమీ కాదు. లోపల షార్ట్ అయి యాభై వేల ఆంపియర్లు ఒక సెకను పాటు పారినా, కరెంటును మోసే లోహపు పట్టీలైన బస్‌బార్లు వంగవు, వాటిని పట్టుకున్న ఇన్సులేటర్లు పగలవు, తలుపు ఊడివచ్చి ఎదురుగా ఉన్నవాడి మొహాన పడదు అని దాని అర్థం. మొదటి క్షణంలో ఎగిసే కరెంటు ఇంకా ఎక్కువ. ఈ స్థాయికి ఐఈసీ 61439 ప్రమాణం చెప్పే గుణకం 2.1, అంటే 1,05,000 ఆంపియర్లు. పది సెంటీమీటర్ల ఎడంలో ఉన్న రెండు బస్‌బార్లను అంత కరెంటు ఒకదాన్నుంచి ఒకటి నెట్టేస్తుంది. ఆ బలం మీటరు పొడవుకు దాదాపు రెండు టన్నులు. పైగా అది కరెంటుతో పాటు కాదు, కరెంటు వర్గంతో పెరుగుతుంది. పది కేఏ తట్టుకునే అమరిక మీద యాభై రాసినవాడు ఐదింతలు కాదు, ఇరవై ఐదింతలు గొప్పలు పోయాడన్నమాట. రేకు మీద అంకె మార్చడానికి సిరా చాలు, లోపల రెండు టన్నులు ఆపడానికి మాత్రం రాగి మందం, ఇన్సులేటర్ల మధ్య దూరం, బోల్టుల బిగువు కావాలి. రేకు ఎంత బాగా పాలిష్ చేసినా వాటి లోటు తీరదు.

అసలు ఈ యాభై ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, మెయిన్ బ్రేకర్ మీది అచ్చు నుంచి. యాభై కేఏ ఎంసీసీబీ కొన్నారు, అదే అంకె తలుపు మీదికి ఎక్కింది. ఆ బ్రేకర్ కింద 10 కేఏ చిన్న బ్రేకర్లు, అంటే ఎంసీబీలు, ఉన్నాయి (పాపం, వాటి ఒంటి మీద చిన్న గడిలో 10000 అని అవే నిజం చెబుతూ ఉంటాయి), కాంటాక్టర్లున్నాయి, ఓవర్‌లోడ్ రిలేలున్నాయి, టెర్మినల్ బ్లాకులున్నాయి. వాటినెవరూ లెక్కలోకి తీసుకోలేదు. అమెరికాలో యూఎల్ 508ఏ పద్ధతి దీనికి నేరుగా ఎదురు: పవర్ సర్క్యూట్‌లో ఉన్న వస్తువులన్నిట్లో బలహీనమైనదాని అంకే మొత్తం ప్యానెల్ అంకె. పరీక్ష కాగితం లేని, యాభై హార్స్‌పవర్ లోపు కాంటాక్టర్ లోపల ఉంటే దానికి 5 కేఏ అని కట్టి, తగిన ఫ్యూజుతోనో బ్రేకర్‌తోనో కలిపి పరీక్షించిన దాఖలా చూపకపోతే ప్యానెల్ మొత్తాన్నీ ఐదు దగ్గరే నిలబెడతారు. అంటే అవే సామాన్లతో అదే పెట్టె అమెరికా వెళ్తే ఐదు, మన హగరి నది ఒడ్డుకు వస్తే యాభై. రాగి మన నేల మీద అడుగుపెట్టగానే పదింతల వీరత్వం తెచ్చుకుంటుందని నమ్మితే తప్ప దీన్ని సమర్థించడం కష్టం. ఆ మెయిన్ బ్రేకర్ యాభై కూడా షరతులున్న యాభయ్యే. 240 వోల్టుల దగ్గర యాభై ఆపేది 415 దగ్గర సగమే ఆపవచ్చు. కొన్ని బ్రేకర్లలో ఐసీయూ, అంటే ఆపగల గరిష్ఠం, యాభై అయితే ఐసీఎస్, అంటే ఆపాక కూడా పనికొచ్చే హద్దు, ఇరవై ఐదు. ఐసీయూ అంత కరెంటును ఆపాక ఆ బ్రేకర్ మళ్లీ రోజూ లోడు మోయగలదన్న హామీ ఎవరూ ఇవ్వరు. ఆ సంగతి క్యాటలాగులో ఉంటుంది, రేకు మీదికి రాదు.

దీనికి తయారీదారుల దగ్గర సిద్ధంగా ఉండే జవాబు టైప్ టెస్ట్ సర్టిఫికెట్. బెంగళూరులో 1960 నుంచి కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ, సీపీఆర్ఐ, ఉంది. అక్కడ నిజంగానే కరెంటు పారించి ప్యానెళ్లను పరీక్షిస్తారు. ఆ పరీక్షతో నాకు పేచీ లేదు, దాని జిరాక్సు చేసే తీర్థయాత్రతోనే పేచీ. పరీక్ష కాగితం ఆ రోజు ప్రయోగశాలకు వచ్చిన పెట్టె గురించి మాత్రమే మాట్లాడుతుంది: ఆ రేకు మందం, ఆ ఇన్సులేటర్లు, ఆ దూరాలు. తరువాత రాగి బదులు అల్యూమినియం వేసి, ఇన్సులేటర్ల మధ్య ఎడం పెంచి, ఎత్తు సరిపోలేదని పెట్టెను అడ్డంగా తిప్పినా జిరాక్సు మాత్రం మారదు. 61439 ప్రమాణం ఇక్కడ ఉదారంగానే ఉంది: ప్రతి పెట్టెనూ పరీక్షకు పంపనక్కర్లేదు, పరీక్షించిన నమూనాతో అంశం అంశంగా పోల్చి చూపినా ఒప్పుకుంటుంది. ఆ పోలికల పట్టిక నింపడమే బరువైపోయింది.

ఇంతవరకూ ప్యానెల్ ఎంత తట్టుకుంటుందన్నదే చూశాం. అక్కడికి ఎంత వస్తుందన్నది లెక్కలో రెండో సగం, దాన్ని తలుపు మీద రాసినవాడే లేడు. అది రహస్యమేమీ కాదు, ట్రాన్స్‌ఫార్మర్ ప్లేటు మీద ఇంపిడెన్స్ శాతం అచ్చేసి ఉంటుంది. పొలాల్లో మోటార్లకిచ్చే 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, 433 వోల్టులు, 4.5 శాతం అనుకుంటే, దాని టెర్మినళ్ల దగ్గర షార్ట్ అయినా వచ్చేది సుమారు 1.9 కేఏ. 250 కేవీఏకు 7.4. 500 కేవీఏకు 14.8. 1000 కేవీఏ, 5 శాతం అయితే 26.7. మిల్లు మొదలుపెట్టినప్పుడు 250 ఉండేది, కలర్ సార్టరూ డ్రయ్యరూ వచ్చాక 500 పెట్టారనుకోండి. నిన్నటిదాకా చాలిన 10 కేఏ ఎంసీబీలు, అవి ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గరగా ఉన్నట్లయితే, ఇవాళ చాలవు. ప్యానెల్‌ను ఎవరూ తాకలేదు, రేకు ఒక్క అక్షరం మారలేదు, అయినా పెట్టె యోగ్యత పోయింది. రెండో అంకె లేనప్పుడు మొదటి అంకె నిజమైనా పనికి రాదు. నేను యాభై తట్టుకుంటానంటే సరే, ఇక్కడ వచ్చేదెంత అని ఎదురు అడగాలి కదా.

ఇరవై ఏళ్లుగా ఏమీ కాలేదు కదా అన్నది ఊళ్లో మొదట వినిపించే అభ్యంతరం. నిజమే, కాలేదు. అందుకు పుణ్యమంతా పెద్ద ఫాల్టును పుట్టనివ్వని చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌దీ, సన్నటి కేబుల్‌దీ, పొడవాటి లైనుదీ. 500 కేవీఏ నుంచి 35 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్ యాభై మీటర్లు లాగితే, దాని చివర ఆ 14.8 కాస్తా సుమారు 5 కేఏకు దిగుతుంది. బలహీనమైన సప్లై మనల్ని కాపాడుతూ వస్తే ఆ పేరు రేకు కొట్టేసింది. ఇక్కడి కరెంటు కంపెనీ జెస్కాం లైను బలపడే కొద్దీ, మిల్లు ట్రాన్స్‌ఫార్మర్ పెరిగే కొద్దీ ఈ రక్షణ తరిగిపోతుంది. బాగుపడటంలో ఇలాంటి ప్రమాదం ఒకటి ఉంటుందని ప్రారంభోత్సవాల్లో ఎవరూ చెప్పరు.

చిన్న మిల్లులు ఈ ఖర్చు భరించలేవన్నది ఇంకో అభ్యంతరం. దీన్ని తోసేయకూడదు, కానీ పైన వేసిన లెక్క మిల్లు యజమాని పక్షానే ఉంది. ఆ కేబుల్ చివరి ప్యానెల్‌కు యాభై అక్కర్లేదు, పది చాలు. పది కేఏ మించని ప్యానెళ్లకు షార్ట్ సర్క్యూట్ తట్టుకునే పరీక్షే అవసరం లేదని 61439 మినహాయింపు ఇచ్చింది కూడా. అంటే నిజాయితీగా ‘10’ అని రాసుకునే హక్కు ఉండగా, డబ్బిచ్చి మరీ యాభై అన్న అబద్ధం కొంటున్నాం. టెండరులో పక్కవాడు యాభై అడిగాడు కనుక మనమూ యాభై అడగడం, అడిగారు కనుక వాళ్లు అచ్చేయడం. ఇందులో కరెంటుకు పాత్రేమీ లేదు. పైన పెద్ద బ్రేకర్ ఉంది, అదే ట్రిప్ అవుతుంది అనేవాళ్లూ ఉన్నారు. కొన్ని జోడీల్లో పై బ్రేకర్ కింది ఎంసీబీని కాపాడుతుంది. ఏ మోడల్ కింద ఏ మోడల్ ఎంతవరకు నిలుస్తుందో కంపెనీలు పరీక్షించి పట్టికలు వేస్తాయి. ఆ పట్టికలో మీ జోడీ ఉంటే వాదన ముగిసినట్టే. ఒక కంపెనీ బ్రేకర్ కింద ఇంకో కంపెనీ ఎంసీబీ పెట్టి పట్టిక గొప్పతనం చెబితే కుదరదు. సామర్థ్యం మించిన కరెంటును ఆపబోయిన ఎంసీబీ, ట్రిప్ అవడానికి బదులు అక్కడే పేలవచ్చు.

చట్టం ఏం చేస్తోందంటే, 1956 నాటి విద్యుత్ నియమాల్లో యాభయ్యో నియమమే కరెంటును మోయగల, ఆపగల తగిన సామర్థ్యం బ్రేకర్‌కు ఉండాలని చెప్పింది. ‘తగిన’ అన్నది ఎంతో ఎవరు లెక్కగట్టాలన్న దగ్గర అందరూ మర్యాదగా పక్కకు చూశారు. 61439 ప్రకారం పేరు రేకు మీద తప్పనిసరిగా ఉండాల్సినవి తయారీదారు పేరు, మోడల్ గుర్తు, తయారైన తేదీ తెలిసే ఆధారం, ప్రమాణం నంబరు. షార్ట్ సర్క్యూట్ అంకె కాగితాల్లో ఉంటే చాలు. ఆ కాగితాలు ఎలుకలు తినగా మిగిలిన మేరకు ఆఫీసు బీరువాలో ఉంటాయి. అమెరికా కోడ్‌లో 2005 నుంచి పారిశ్రామిక ప్యానెల్ మీద ఆ అంకె కనిపించాల్సిందే. 2011 నుంచి ఇళ్లు కాని చోట్ల, సప్లై వచ్చే దగ్గర, ఎంత ఫాల్టు కరెంటు రాగలదో లెక్క వేసిన తేదీతో సహా రాయాలి. మన దగ్గర భారీ పరిశ్రమల శాఖ యంత్రాలకూ స్విచ్‌గేర్‌కూ భద్రతా ధ్రువీకరణ తప్పనిసరి చేస్తూ 2024 ఆగస్టులో ఉత్తర్వు ఇచ్చింది, అమలు చేయాల్సిన 2025 ఆగస్టు రాకముందే దాన్ని 2026 సెప్టెంబరుకు జరిపింది.

మంటలు లేచాక మాత్రం మనకు కారణం వెంటనే దొరుకుతుంది: షార్ట్ సర్క్యూట్. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు చెలరేగి తొమ్మిదిమంది చనిపోయినప్పుడూ మొదటి వార్తల్లో వచ్చింది ఈ మాటే. ఆ కేంద్రం పెద్దది, అక్కడి కారణాలు వేరు, వాటిని మిల్లు ప్యానెల్‌కు అంటగట్టను. నేననేది ఆ మాట వాడకం గురించి. షార్ట్ సర్క్యూట్ ఎప్పుడో ఒకప్పుడు అవుతుందనే బ్రేకర్లు, బస్‌బార్ లెక్కలు, పరీక్షలు అన్నీ పుట్టాయి. దాన్నే కారణమని రాసి ఫైలు మూస్తే, దాన్ని తట్టుకుంటానని రేకు మీద రాసుకున్న పెట్టెను ఎవరూ ప్రశ్నించరు.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ప్యానెల్ తలుపు మీద రెండు గడులు, కన్నడంలోనూ తెలుగులోనూ: ఇక్కడికి రాగల కరెంటు ఇంత, ఈ పెట్టె తట్టుకునేది ఇంత. ట్రాన్స్‌ఫార్మర్ మారితే మొదటి గడి మళ్లీ నింపాలి. మీటరు నంబరు, మంజూరైన లోడు, పవర్ ఫ్యాక్టర్ జరిమానా దాకా బిల్లులో అచ్చేయగల కరెంటు కంపెనీకి ఫాల్టు లెవెల్ అనే ఇంకో అంకె అచ్చేయడం బరువు కాదు. అయితే గడి ఖాళీగా వదిలితే అందులోనూ యాభై అని నింపేవాళ్లు మనకు కొరత లేదు గనుక, ప్రతి అంకె పక్కనా లెక్క వేసినవాడి సంతకం, లైసెన్సు నంబరు, తేదీ కూడా ఉండాలి.