నూట్లో ఏడు తీసిందెవరు?

"అవ్వా, మూడు మాటలు చెప్తా, గుర్తుపెట్టుకో. పలక. చెరువు. రూపాయి. కాసేపయ్యాక మళ్లీ అడుగుతా."

చదివేవాళ్లు కూడా గుర్తుపెట్టుకోవాలి. వెనక్కి తిరిగి చూసుకుంటే మార్కులు పోతాయి.

వయసు మళ్లినవాళ్ల మతి ఎంత నిలకడగా ఉందో తూచడానికి 1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి ఒక పరీక్ష తయారుచేశారు. ముప్పై మార్కులు. ఇప్పటికీ ప్రపంచమంతా జ్ఞాపకశక్తి క్లినిక్కుల్లో దాన్నో, దానికి పుట్టిన పిల్లల్నో వాడుతున్నారు. ఆ పరీక్షతో నాకు పేచీ లేదు. దాన్ని పెద్దారవీడు వైపు ఒక అరుగు మీదికి తీసుకెళ్తే ఎలా ఉంటుందో చూడాలని సరదా, అంతే. అవ్వ, ఆమెను ప్రశ్నలడిగే సర్వే అబ్బాయి నా కల్పితం. అరుగు మాత్రం మీకు తెలిసిందే.

ఇప్పుడు ఏ ఋతువు?

"ట్యాంకర్ల కాలం నాయనా."

సున్నా. మనం కూర్చున్నది ఎన్నో అంతస్తు?

అవ్వ ఒకసారి పైనున్న రేకుల వంకా, ఒకసారి అడిగినవాడి మొహం వంకా చూసింది. ఎవరి మతి పరీక్షించాలో ఆమెకు అనుమానం వచ్చినట్టుంది.

పోనీ, ఇది ఏ జిల్లా?

అవ్వ తడుముకుంది. తడుముకోగానే కాగితం మీద పెన్ను కదిలింది. ఆగవయ్యా! ఆమె 1950లో పుట్టిందనుకో. అప్పటికి ఈ అరుగు మద్రాసు రాష్ట్రం, కర్నూలు జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి. 1970లో ఒంగోలు జిల్లాలో చేరింది. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం పేరు పెట్టారు. 2014లో రాష్ట్రం రెండు ముక్కలైంది. 2025 చివర్లో మార్కాపురం జిల్లా వచ్చింది. అవ్వ అరుగు దిగలేదు. చిరునామాయే ఆమె చుట్టూ తిరిగింది. ఇన్నిసార్లు పేరు మార్చుకున్నవాళ్లను వదిలేసి, ఒక్కపేరుతో బతికినామెను "నువ్వెక్కడున్నావో నీకు తెలుసా" అని అడగడానికి కొంచెం ధైర్యం కావాలి.

నూట్లోంచి ఏడు తీస్తే ఎంత?

"నూట్లో ఏడు తీసిందెవురు?"

ఎవరూ తీయలేదమ్మా. లెక్కకోసం.

"ఎవురూ తీయకుండా ఎట్టా పోతాయి? నూరంటే నూరే చెప్పు."

మళ్లీ సున్నా. ఈమే నూటికి రెండు రూపాయల వడ్డీకి పదమూడు నెలల పన్నెండు రోజుల లెక్క వేలి కణుపుల మీద కట్టి, ఇచ్చినవాడి చేత ఔననిపించగలదు. ఆ లెక్కకు ఆ ముప్పైలో చోటు లేదు.

ఇక ఒక వాక్యం రాయాలి. అవ్వ పెన్ను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కి ఇచ్చేసింది. ఆ వేళ్లు చూడండి. గోళ్ల సందుల్లో బూడిదరంగు ఇంకా పోలేదు. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చింది, కోసింది, అరగదీసింది, చెక్క చట్రంలో బిగించింది. దుమ్ము పీల్చింది. ఆమె చేతి మీదుగా పోయిన పలకలు ఏయే రాష్ట్రాల్లో ఎంతమంది చేత అక్షరాలు దిద్దించాయో దేవుడికెరుక. ఆమెకు మాత్రం ఒక బలపం ముక్క దక్కలేదు. మతిమరుపు జబ్బు ముప్పు పెంచే కారణాలను లాన్సెట్ కమిషన్ 2024లో 14గా లెక్కగట్టింది. చిన్నప్పుడు చదువు లేకపోవడం అందులో ఒకటి. వినికిడి తగ్గడం, చూపు మందగించినా వైద్యం అందకపోవడం, దిగులు, ఒంటరితనం కూడా ఉన్నాయి. అవ్వ జాబితా వింది. "అన్నీ ఉండాయి నాయనా, ఏ ఒక్కటీ పోనియ్యలా" అంది, వంటింటి సామాను లెక్క అప్పజెప్పినట్టు.

చదువురానివాళ్లకు ఈ ప్రశ్నలు అతకవన్న సంగతి పరిశోధకులకు తెలియనిది కాదు. మన దేశంలోనే చదువులేని పల్లెటూరి వృద్ధుల కోసం హిందీలో వేరే పరీక్ష తయారుచేసుకున్నారు. అసలు చదువుకూ మతికీ మధ్య లంకె విషయంలో ప్రపంచం చెవి మెలిపెట్టింది మన హైదరాబాదే. నిమ్స్‌లో పనిచేస్తున్న రోజుల్లో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరోలోని థామస్ బాక్ తదితరులతో కలిసి 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు వడపోశారు. ఆ అధ్యయనం 2013లో న్యూరాలజీ పత్రికలో వచ్చింది. వాళ్లలో 391 మందికి రెండు లేక అంతకు మించి భాషలు వచ్చు. ఒకే భాష తెలిసినవాళ్లకంటే వాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. అక్షరం ముక్క రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. అంటే బడికి పోయినందువల్ల వచ్చిన బలమని కొట్టిపారేయడానికి లేదు. రెండు భాషల మధ్య రోజంతా గోడ దూకి వస్తూ పోతూ ఉండే బుర్రకు అదే కసరత్తు.

ఇది చదివి మార్కాపురం మురిసిపోవాలి. ఇంట్లో ఉర్దూ, ఫ్యాక్టరీలో తెలుగు, సరుకెత్తే లారీవాడితో వచ్చీరాని హిందీ మాట్లాడి బతికినవాళ్లు ఈ ఊళ్లో వీధివీధికీ ఉన్నారు. అక్షరం రాకపోయినా బుర్రలో ఇంత నిధి దాచుకున్నారని ఒక డాక్టరమ్మ తేల్చిచెప్పింది. మరి మనమేం చేశాం? మనవడికి ఇంగ్లీషు తప్ప మరొకటి రాకుండా కట్టుదిట్టం చేశాం. వాడు సెలవులకొచ్చి అవ్వతో "హాయ్" అంటాడు. అవ్వ "ఆయి" అంటుంది. సంభాషణ సమాప్తం. రెండు భాషలు మాట్లాడితే మంచిదని సైన్సు చెప్పింది, సరే. మాట్లాడ్డానికి రెండో మనిషేడి? కొడుకు హైదరాబాదులో సెంట్రింగ్ పని, కోడలూ అక్కడే. కూతురు బెంగుళూరు. ఇంట్లో మిగిలింది అవ్వ, ఒక మేక. మేక ఏకభాషి.

కొడుకులను మరీ తీసిపారేయకూడదు. వాళ్లకూ జ్ఞాపకశక్తి ఉంది, నెలకొకసారి. 2024 జులై నుంచి పింఛను నాలుగు వేలయింది. ఒకటో తారీఖు తెల్లారేసరికి ఇంటికే తెచ్చిస్తున్నారు. ఆ పూట ఫోన్ మోగుతుంది. "అమా, బాగుండావా?" ఆ ప్రశ్నకు ముప్పైకి ముప్పై ఇవ్వొచ్చు. రెండో తారీఖు నుంచి మళ్లీ మరుపు.

ఇక దిగులు సంగతి. దేశమంతటా 45 ఏళ్లు దాటినవాళ్లను 72 వేలమందికి పైగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగిన లాసీ సర్వే తొలివిడత 2017-18లో జరిగింది. అరవై దాటినవాళ్లలో తమకు డిప్రెషన్ జబ్బుందని చెప్పుకున్నవాళ్లు నూటికి 0.8 మంది. లక్షణాలు ఒక్కొక్కటీ కూపీ లాగితే తేలింది 8.3. పదింతలు! తక్కిన తొమ్మిదిమందీ ఎక్కడ దాక్కున్నారని సర్వే చేసిన ముంబయివాళ్లు తలలు పట్టుకున్నారేమో తెలియదుగానీ, గిద్దలూరులో ఏ ఆరెంపీని అడిగినా చెప్తాడు. వాళ్లంతా ఆయన బల్ల మీదే ఉన్నారు. "గుండె దడ సారూ", "ఒళ్లంతా మంటలు సారూ", "రేత్రి కంటిమీద కునుకు లేదు సారూ." ఆయనకు రోగం ఒకటే తెలుసు, గ్యాసు. భర్త పోయినా గ్యాసే, పొలం పోయినా గ్యాసే, కొడుకు మూడేళ్లుగా గడప తొక్కకపోయినా గ్యాసే. బలానికి ఒక సూది, ఒక సెలైను సీసా. సీసా ఎక్కే గంటసేపు పక్కమంచం ముసలాయనతో కష్టసుఖాలు చెప్పుకోవడం వల్ల రోగం కొంత నెమ్మదిస్తుంది. ఆ పేరు మాత్రం సెలైనుకు పోతుంది. లక్షమందికి ఒక్క మానసిక వైద్యుడైనా లేని దేశంలో పక్కమంచమే దిక్కు.

దిగులు కొలిచే ప్రశ్నల పట్టిక ఒకటి 1980లలో కాలిఫోర్నియాలో పుట్టింది. ఔను, కాదు, రెండే జవాబులు. జీవితం తృప్తిగా ఉందా అంటే తెలుగునాట అరవై దాటినవాళ్లెవరైనా ఔనో కాదో అనగా విన్నారా? "ఏదో, ఇట్టా ఉండాం." ఈ మూడు ముక్కల్లో ఓ గ్రంథముంది. పట్టికలో గడి లేదు. కొత్త పనులు మొదలుపెట్టడం కష్టంగా ఉందా అని ఆ పట్టికే ఇంకో ప్రశ్న అడుగుతుంది. మోకాళ్లు మడత పడనిదాన్ని అడగాల్సిన ప్రశ్నేనా!

మోకాళ్లంటే గుర్తొచ్చింది. ఈ దేశంలో ఫ్లోరోసిస్ మీద తొలి నివేదిక వచ్చింది 1937లో, నాటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. ఇక్కడికి తూర్పున ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పుడు ఆ జిల్లావే. నీళ్లలో విషముందని, ఎముకలు బిగుసుకుపోతున్నాయని తెల్లదొరల కాలంలోనే రాసి పెట్టారు. పరిశోధనకు మా వైపు ఏనాడూ లోటు లేదు. నలభైకే నడుము వంగే చోట అరవై దాటితేనే వృద్ధులని గీత గీయడం మాత్రం తమాషా.

అందుకే ఆ ముప్పై మార్కుల కాగితం ఒకసారి సర్కారు వారికి ఇచ్చి చూద్దాం. చెప్పిన మాట కాసేపాగి తిరిగి చెప్పడం: కృష్ణ నీళ్లు సొరంగం గుండా తెస్తామని వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన 1996లో. కాసేపు ఇంకా కాలేదు. లెక్క: గడువులోంచి ఏడేసి చొప్పున తీసుకుంటూ పోవడం కాదు, కలుపుకుంటూ పోవడంలో దిట్టలు. బొమ్మ చూసి అచ్చం అలాగే గీయడం: ఇందులో నూటికి నూరు. 1996లో ఒక శిలాఫలకం, 2004లో ఇంకో ముఖ్యమంత్రి చేతిమీదుగా ఇంకొకటి. పలకల సీమ కదా, ఏ పార్టీ వచ్చినా పలకకు లోటు లేదు. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం కూడా చేశారు. జాతి వెళ్లి చూసింది, పొడిగా ఉన్నాయి. విజయనగరం నాటివాళ్లు గుండ్లకమ్మకు అడ్డంగా కంభం చెరువు కట్టి వెళ్లిపోయారు. వాళ్ల ఫలకం ఎక్కడుందో తెలియదు, నీళ్లు ఎక్కడుంటాయో మాత్రం ఊరందరికీ తెలుసు.

సర్కారు వారి కాగితం దిద్దితే ఏ డాక్టరైనా కుటుంబసభ్యులను పక్కకు పిలిచి మాట్లాడతాడు.

అన్నట్టు, అవ్వ ఇంకా కూర్చునే ఉంది. సర్వే అబ్బాయి వచ్చి ముప్పావుగంటైంది. ఇంతసేపు ఎదురుగా కూర్చుని ఒక మనిషి ఆమెను ప్రశ్నలడిగి చాలా కాలమైనట్టుంది. పొద్దున వంగి ఉన్న తల ఇప్పుడు నిటారుగా ఉంది. చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చింది. "మళ్లీ ఎప్పుడొస్తావు?" అని రెండుసార్లు అడిగింది. అడిగిందే అడగడం కూడా లక్షణాల్లో ఉంది గనుక అబ్బాయి అదీ నోట్ చేసుకున్నాడు.

"అవ్వా, ఇందాక మూడు మాటలు చెప్పా. గుర్తుండాయా?"

"ఎందుకుండవు. పలక."

"ఊఁ."

"చెరువు."

"ఊఁ. మూడోది?"

అవ్వ కళ్లు మూసుకుంది. పెదాలు కదిలాయి. "మూడోది నీళ్లు కదూ?"

"కాదమ్మా."

"కాదా? ఎవురో గట్టిగానే చెప్పినట్టు గుర్తే, వస్తాయని."

మూడుకు రెండు, అని రాసుకుని అబ్బాయి మజ్జిగ తాగాడు.