ఆన్‌లైన్ అరణ్యకాండకు టీకా తాత్పర్యం

అవతారిక. ఖమ్మం మామిళ్లగూడెంలో ఉండే మా అన్న కొడుకు, డిగ్రీకీ ఉద్యోగానికీ మధ్య ఖాళీలో ఉన్నవాడు, వానలు పడగానే స్నేహితులతో భద్రాచలం అవతలి అడవుల్లో తిరగాలని సంకల్పించాడు. దానికి ముందు కాస్త విద్య ఉంటే మేలని తలచి, ఫోనులో కనబడిన ప్రకటన ఒకటి నాకు పంపి, "బాబాయ్, చేరమంటావా?" అని అడిగాడు. సొమ్ము వాళ్ల నాన్నది, అడవి ప్రభుత్వానిది, ప్రాణం వాడిది. ఇంతమందికి సంబంధించిన సంగతి మీద అవుననో కాదనో ఒక్క ముక్క చెప్పి ఊరుకోవడం పెద్దరికం అనిపించుకోదు కనుక, పూర్వుల పద్ధతిలో టీకా రాయవలసి వచ్చింది.

మూలం. "ఒక్కడివే అయినా ఏ అడవిలోనైనా బతకగలవు! ఇంట్లోనే నేర్చుకో. 21 రోజులు, 40 వీడియోలు, సర్టిఫికెట్. కేవలం రూ. 4,999. ఈ రాత్రి 12 దాటితే రెట్టింపు."

ఛందస్సు. వచనమే. యతి మాత్రం "కేవలం" దగ్గర చక్కగా కుదిరింది.

ప్రతిపదార్థం. ఒక్కడివే అయినా = తోడెవ్వరును లేకున్నను (కేకవేసిన వినబడు దూరమున గూడెము ఉన్నను దానిని లెక్కసేయక అని భావము); ఏ అడవిలోనైనా = అలాస్కా మంచునందును, చర్ల మండలపు వెదురు పొదలయందును భేదము పాటింపక; బతకగలవు = వీడియో ముగియువఱకు ప్రాణములు నిలుపుకొనగలవు; ఇంట్లోనే = ఫ్యాను క్రింద; నేర్చుకో = చూడుము; సర్టిఫికెట్ = ఎలుగుబంటికి చూపుటకు వీలులేని కాగితము; రూ. 4,999 = అయిదువేలు; ఈ రాత్రి = ప్రతి రాత్రియు.

పాఠాంతరం. కొన్ని ప్రతులలో "ఇంక మూడే సీట్లు" అని కలదు. వీడియోకు సీట్లేమిటో ఏ వ్యాఖ్యాతా వివరింపలేదు.

విశేషాలు. ఏ శాస్త్రమైనా మొదలుపెట్టే ముందు నాలుగు చూసుకోమన్నారు: అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం. ఎవరి కోసం, దేని గురించి, మనకూ దానికీ ఏమిటి, చివరికి ఒరిగేదేమిటి అని.

అధికారి సంగతి తొందరగా తేలిపోతుంది. భద్రాచలం అవతలి ఈ అడవుల్లో నిజంగా పగళ్లూ రాత్రులూ గడిపేవాళ్లు ఫారెస్టు బీటు ఆఫీసర్లు, తునికాకు కోసేవాళ్లు, ఇప్పపువ్వు ఏరేవాళ్లు, పశువుల కాపరులు. వాళ్లలో ఎవరికీ ఈ కోర్సు అక్కర్లేదు. అక్కర ఉందనుకునేవాడు మామిళ్లగూడెంలో ఉన్నాడు.

విషయం దగ్గర మాత్రం ఆగాలి. కోర్సు పాఠ్యప్రణాళికలో మొదటిది "మూడుల సూత్రం": గాలి లేక మూడు నిమిషాలు, గూడు లేక మూడు గంటలు, నీళ్లు లేక మూడు రోజులు, తిండి లేక మూడు వారాలు మనిషి నిలుస్తాడట. చలిదేశానికి నప్పే లెక్క ఇది. గూడు లేక మూడు గంటల్లో పోయేది మంచుగాలిలో. కొత్తగూడెం, భద్రాచలం వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంటుంది. ఆ ఎండలో మూట మోస్తూ గుట్టలెక్కేవాడికి మూడు రోజుల మాట దేవుడెరుగు, సీసా ఖాళీ అయితే ఆ మధ్యాహ్నమే వడదెబ్బ. భద్రాచలానికి తనదైన మూడుల సూత్రం వేరే ఉంది: గోదారి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ ఊళ్లో బడిపిల్లవాడికి కూడా ఇది కంఠతా వచ్చు. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు చూసిన ఊరు మరి. కోర్సులో వరద గురించి పాఠమే లేదు. హిమపాతం గురించి రెండున్నాయి.

నీళ్ల పాఠంలో గొయ్యి తవ్వి, ప్లాస్టిక్ పట్టా కప్పి, ఆవిరి చుక్కలు పట్టుకోమన్నారు. ఎండలో గొయ్యి తవ్వేందుకు కార్చిన చెమటంత నీరు కూడా చాలాసార్లు అందులో దొరకదు. ఇక్కడి అడవికి వేరే ఉపాయం తెలుసు. 2024 మార్చిలో పాపికొండల జాతీయ పార్కులో అటవీ అధికారులు ఒక నల్లమద్ది చెట్టు బెరడుకు గాటు పెడితే నీళ్లు ధారగా చిమ్మాయి. ఆ వీడియో దేశమంతా తిరిగింది. అక్కడి కొండరెడ్లనే ఆదివాసులకు తరాలుగా తెలిసిన సంగతే అది. ప్రతి మద్దిలోనూ నీళ్లుండవు. మాను మీద బుడిపెలాంటి ఉబ్బు ఉన్నదాన్ని చూసి పోల్చుకోవాలి. ఆ చెట్టు ఎక్కడుందో అధికారులు బయటపెట్టలేదు. మంచి పని చేశారు. పెట్టి ఉంటే సర్టిఫికెట్ వచ్చిన ప్రతివాడూ ఒక కత్తి పట్టుకుని బయల్దేరేవాడు.

తర్వాతిది నిప్పు. రెండు పుల్లలు రాపాడించి మంట పుట్టించడానికి అయిదు వీడియోలు. అరణిని మథించడం మన యాజ్ఞికులకూ తెలుసు కనుక విద్యను తప్పుపట్టను. కాని కిన్నెరసాని లాంటి అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోవడమే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అక్కడ అడవికి ముప్పు కలిగేలా మంట పెట్టడం ఇంకో నేరం. ఆకలేసిందని కుందేలుకు ఉచ్చు పన్నడం మూడోది. కోర్సు బాగా వంటబట్టినవాడు మూడు కేసులతో బయటికొస్తాడు.

పడక పాఠంలో ఎండుటాకులు పరిచి నేల మీద మెత్తగా పడుకోమంటారు. కట్లపాము రాత్రిళ్లు తిరిగే జాతి. నేల మీద నిద్రపోతున్నవాడిని కరిస్తే చాలాసార్లు నొప్పే తెలియదు, గాటు కనబడదు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతుంటాయి, మాట ముద్దవుతుంటుంది. అందుకే చేను కాపలాకు పోయినవాడు మంచె వేసుకుని దాని మీద పడుకుంటాడు. పాముకాటుకు గాటు పెట్టి రక్తం పీల్చమని చెప్పే వీడియోలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. చేయవలసింది కరిచిన కాలో చెయ్యో కదపకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చడం. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటికీ ఒకే మందు పనిచేస్తుంది. అది చెట్టుకు కాయదు.

జంతువుల పాఠంలో ఎలుగు ఎదురైతే చచ్చినట్టు పడుకోమన్నారు. అది అమెరికాలోని గ్రిజ్లీ గురించి. మన ఎలుగు వేరే జాతి, వేరే తిక్క. ఇప్పపువ్వు కాలంలో దీని సంగతి బాగా తెలుస్తుంది. పువ్వు రాత్రంతా రాలుతుంది. తెల్లారకముందే బుట్టలు పట్టుకుని ఆడవాళ్లు చెట్టు కిందికి చేరాలి, ఆలస్యమైతే పశువులు తినేస్తాయి. ఆ తీపి పువ్వంటే ఎలుగుకూ ప్రాణమే, అదీ ఆ వేళకే వస్తుంది. అందుకని ఎవరూ ఒంటరిగా పోరు. నలుగురైదుగురు కలిసి, దారి పొడుగునా గట్టిగా మాట్లాడుకుంటూ పోతారు. మనిషి అలికిడి ముందే వినబడితే అది పక్కకు తప్పుకుంటుంది; ఉలిక్కిపడితేనే మీద పడుతుంది. కోర్సులో అయితే అడవిలో నిశ్శబ్దంగా నడవడం ఎలాగో నేర్పుతారు.

అడవిలో తిండి ఏరుకోమనే పాఠం చదివాక నాకు హాస్యం కొంత తగ్గింది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940ల్లో ఈ పాపికొండల కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో వాళ్ల మీద పెద్ద పుస్తకమే అచ్చువేశాడు. పంట గింజలు అయిపోయిన వానాకాలంలో జీలుగు మానును చీల్చి, లోపలి బెండును పిండి చేసి తినే జనం వాళ్లు. చేదు దుంపల్ని ముక్కలు కోసి, ఉడికించి, బుట్టలో పెట్టి పారే వాగులో నానబెట్టిగాని నోట పెట్టరు. మామిడి టెంకలోని జీడి కూడా అలాగే తింటారు. 2001లో ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో బూజు పట్టిన టెంకల అంబలి తాగి జనం చనిపోతే, అవి ఆకలి చావులా విషాహారమా అని ప్రభుత్వానికీ ప్రతిపక్షానికీ పెద్ద వాదమే నడిచింది. తరాల అనుభవమున్నవాళ్లకే ఒక్కోసారి తప్పిపోయే విద్య ఇది. దీన్ని కరువులో నేర్చుకున్నారు. మనం ఇప్పుడు డిస్కౌంటులో నేర్చుకుంటున్నాం.

ఇక సంబంధం. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని తార్కికులు నాలుగు ప్రమాణాలు చెప్పారు. ఆన్‌లైన్ కోర్సులో ఉన్నది శబ్దం ఒక్కటే, అదీ ఇయర్‌ఫోన్లలో. ప్రత్యక్షంగా నేర్చిన చదువు ఎలా ఉంటుందో చూడండి: 2023 మే 1న కొలంబియాలో ఒక చిన్న విమానం అమెజాన్ అడవిలో కూలి పెద్దవాళ్లంతా పోతే, నలుగురు పిల్లలు 40 రోజులు బతికి బయటపడ్డారు. అందరిలోకి పెద్దది 13 ఏళ్ల పిల్ల. ఆదివాసీ పిల్లలు, ఏ పండు తినొచ్చో ఏది కూడదో నాయనమ్మ, అమ్మమ్మల కాలం నుంచి ఇంట్లో నడిచే చదువు వాళ్లకు ఉంది. వాళ్ల కోసం సైన్యం ఒక్కటే వెతకలేదు, అక్కడి ఆదివాసుల్ని కూడా వెంటబెట్టుకుంది.

శంక: మనకు అలాంటి అమ్మమ్మ లేదు కదా, అప్పుడు కోర్సే శరణ్యం కదా? సమాధానం: మనకు లేదు గాని దుమ్ముగూడెంలో ఎవరో ఒకరికి ఉంది. భద్రాచలానికి 35 కిలోమీటర్ల దూరంలో అక్కడే పర్ణశాల ఉంది. సీతారాములు కాపురమున్నది అక్కడేనని ఇక్కడివాళ్ల నమ్మకం. పద్నాలుగేళ్ల అరణ్యవాసానికి వచ్చినవాడు, విల్లు పట్టినవాడు, రాముడంతటివాడు కూడా ఎక్కడ కుటీరం వేసుకోవాలో తనంతట తాను తేల్చుకోలేదు. అగస్త్యుణ్ని అడిగాడు, ఆయన పంచవటి చూపించాడు. గంగ దాటడానికి గుహుణ్ని అడిగాడు. కనుక మూలంలోని "ఒక్కడివే అయినా" అన్న మాట రామాయణ విరుద్ధం.

ఇక ప్రయోజనం. దాని మీద పూర్వపక్షం ఒకటి: ఏమో, ఎప్పుడైనా చిక్కుకుంటే పనికి రాదా? చిక్కుకున్నవాళ్ల ఉదాహరణ పక్కనే ఉంది. 2023 జూలై 26న వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గరి ముత్యంధార జలపాతానికి 80 మంది దాకా వెళ్లారు. ఇప్పుడది ములుగు జిల్లా. 2016 దాకా ఖమ్మం జిల్లాయే. తిరిగొచ్చేలోపు వాగు పొంగి దారి మూసేసింది. వాళ్లను కాపాడినవి రెండే: సిగ్నలున్న ఫోను, వాగు దాటడానికి ప్రయత్నించొద్దన్న మాట విని ఉన్నచోటే ఆగిపోవడం. విపత్తు దళం వాళ్లు రాత్రంతా కష్టపడి తెల్లారేలోగా బయటికి తెచ్చారు. పుల్లలు రాపాడించాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. జోరువానలో అవి అంటుకునేవీ కావు.

సిద్ధాంతం. కోర్సులో ఉపయోగపడేవి లేకపోలేదు. మ్యాపు చదవడం, సిగ్నల్ లేనప్పుడు జీపీఎస్ వాడటం, ముడులు వేయడం, విజిల్‌తో మూడుసార్లు ఊది సాయం కోరడం మంచి విద్యలే. అవన్నీ ఉచితంగా దొరుకుతున్నాయి. ప్రథమ చికిత్స మాత్రం మనిషి ఎదురుగా నిలబడి, బొమ్మ ఛాతీ మీద చేతులు పెట్టించి నేర్పితేనే వస్తుంది. రెడ్‌క్రాస్ వాళ్లు, సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్లు ఆ శిక్షణ ఇస్తుంటారు.

తాత్పర్యం. నాయనా, చేరకు. ఆ అయిదువేలల్లో ఒక దోమతెర, టార్చి, మోకాళ్ల దాకా బూట్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు కొను. ఏజెన్సీలో పులికంటే మలేరియా దోమకు ఎక్కువ భయపడాలి. మిగిలినది వెంట వచ్చే ఊరివాడికి కూలి కింద ఇవ్వు, బేరం ఆడకు. అటవీ శాఖ అనుమతి ఉందో లేదో కనుక్కో. వానాకాలంలో ముత్యంధార వైపు పోదామనుకునే పాఠకులు కూడా వెంకటాపురంలో బండి ఆపి, వాగు ఎలా ఉందో అక్కడివాళ్లను అడగండి. వద్దంటే వెనక్కి రండి.