ఒక నొక్కుకి ఒక అక్షరం

ఏరా నాయనా, “కీబోర్డు పోయింది తాతా, కొత్తది ఆర్డరు పెట్టేశాను” అని ఎంత తేలిగ్గా అనేస్తారు మీరు! పోయిందని నీకెవరు చెప్పారు? ఒకసారి నొక్కితే రెండు మూడు అక్షరాలు పడుతున్నాయి, అంతే కదా. ఎందుకు పడుతున్నాయో చూశావా? తిరగేసి దులిపావా? వేరే కంప్యూటరుకి తగిలించి చూశావా? ఏదీ లేదు. ఫోను తీశావు, బొటనవేలితో తట్టావు, పనైపోయిందనుకున్నావు. రేపు సాయంత్రానికి అట్టపెట్టె గుమ్మంలోకి వస్తుంది, పాతది అటకెక్కుతుంది. ఆ అటక మీద ఇప్పటికే ఎన్ని పడున్నాయో ఎప్పుడైనా చూశావా?

మా రోజుల్లో వస్తువు మొరాయిస్తే ముందు దాని పక్కన కూర్చునేవాళ్ళం.

నేను టైపు నేర్చుకున్నది శ్రీకాకుళంలో. అప్పటికింకా విజయనగరం జిల్లా పుట్టలేదు, అది వచ్చింది 1979 జూన్ 1న. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం వాళ్ళు కలెక్టరు గారికి అర్జీ పెట్టుకోవాలంటే శ్రీకాకుళం బస్సెక్కాల్సిందే. ఆ అర్జీలు కొట్టిపెట్టేవాళ్ళు చెట్ల కింద బల్లలు వేసుకుని, టైపు మిషన్లు ముందు పెట్టుకుని కూర్చునేవారు. ఊళ్ళో ఏ సందులోకి తిరిగినా ఒక టైపు ఇన్‌స్టిట్యూట్. తెల్లారీ తెల్లారకుండానే మొదటి బ్యాచి. ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె అని అవే అక్షరాలు, అదే కాయితం, నెలల తరబడి. లోయరుకి నిమిషానికి 30 మాటలు, హయ్యరుకి 45. లోయరు పాసైన గుంటడంటే పిల్లనివ్వడానికి మనుషులొచ్చేవారు. ఇప్పుడు మీరు రెండు బొటనవేళ్ళతో అంతకంటే బేగి కొడతారు, నిజమే. కానీ మా మాస్టారు చిటికెన వేలి దగ్గర కూర్చుని చెప్పిన మాట మీకెవరూ చెప్పలేదు: వేలు పడాలి, ఎగరాలి, అక్కడే పడుకోకూడదు.

పడుకున్నా మిషను ఊరుకునేది, అది వేరే సంగతి. మీట నొక్కితే ఇనప చువ్వ లేచి, రిబ్బను మీదుగా కాయితాన్ని ఒక్క దెబ్బ కొట్టి, తన చోటికి తాను పోయేది. క్యారేజి ఒక్క గడి జరిగేది. మీట అలాగే అదిమిపెట్టి మధ్యాహ్నం దాకా కూర్చున్నా రెండో అక్షరం పడదు. ఇంకొకటి కావాలంటే వేలెత్తి మళ్ళీ కొట్టాలి. ఒక నొక్కు, ఒక అక్షరం. అందులో మోసం లేదు.

ఆ మిషన్లకి జబ్బులు లేవని అనను. క్యారేజిని గడిగడికీ వదిలే పళ్ళచక్రం అరిగితే అక్షరం మీద అక్షరం ఎక్కేది, లేకపోతే మధ్యలో గడి ఖాళీగా పోయేది. రెండు మీటలు ఒకేసారి తగిలితే చువ్వలు పెనవేసుకునేవి. ఒక్క తప్పు పడితే కార్బను కాపీలతో సహా కాయితమంతా మళ్ళీ కొట్టాల్సి వచ్చేది. అయితే ఏం, జబ్బు కంటికి కనిపించేది. రిబ్బను సిరా, కాయితం నూగు చేరి సున్నా పొట్ట పూడిపోతే కాయితం మీద నల్లచుక్క పడేది. మూత తీసి, గుండుసూదితో ఆ మడ్డి గోకి, పాత పళ్ళ బ్రష్షుని కాస్త పెట్రోలులో ముంచి అచ్చుల వరసంతా తోమేవాళ్ళం. తర్వాత గుడ్డ పెట్టి తుడిచి, కుట్టుమిషను నూనె ఒక్క బొట్టు. సిరా వాసనా పెట్రోలు వాసనా కలిసి గోళ్ళల్లో ఉండిపోయేవి, అన్నం కలుపుకుంటున్నా తెలిసేవి. ఆ సాయంత్రం పడిన మొదటి సున్నా నడుమ తెల్లగా కనిపిస్తే ఎంత ఆనందమో!

నీ కీబోర్డు మీద క్యూ డబ్ల్యూ ఇ ఆర్ టి వై అని ఒక వరస ఉంది చూడు. దాదాపు అదే వరస 1874లో రెమింగ్టన్ వాళ్ళు అమ్మకానికి పెట్టిన షోల్స్ గారి మిషను మీద ఉంది. మన దేశంలో గోద్రెజ్ వాళ్ళు 1955లో తయారుచేసిన మిషను మీదా అదే. కంప్యూటర్ల వాళ్ళు వరస మాత్రం మా దగ్గర పుచ్చుకున్నారు, మర్యాద ఒగ్గేశారు. 1981లో వచ్చిన ఐబీఎం పర్సనల్ కంప్యూటరులో మీట అరసెకను అదిమితే చాలు, ఆ అక్షరం సెకనుకి పది చొప్పున వచ్చి పడేది. 1984లో వచ్చిన ఏటీ మోడల్లో ఆ వేగాన్ని సెకనుకి 2 నుంచి 30 దాకా మార్చుకోమన్నారు. ముప్పై! అక్షరాలు అంత చవకైపోయాయి.

అది కావాలని పెట్టింది. అడక్కుండా వచ్చే జంట అక్షరాల కథ వేరు, విను. తలుపు దభీమని వేస్తే చట్రానికి కొట్టుకుని మళ్ళీ కాస్త తెరుచుకుని మళ్ళీ కొట్టుకుంటుంది చూడు, మీట కింద రేకులు కలిసినప్పుడూ అదే జరుగుతుంది. కొత్త కీబోర్డులోనూ జరుగుతుంది. లోపలి చిప్పు కొన్ని మిల్లీసెకన్లు ఓపిక పట్టి, ఆ అదురంతా ఆగాక ఒక్క నొక్కుగా లెక్కవేస్తుంది. రేకులు అరిగినా, మురికి పట్టినా, చిలుము పట్టినా అదురు ఆ గడువు దాటిపోతుంది, చిప్పు దాన్ని రెండో నొక్కు అనుకుంటుంది. చవక కీబోర్డుల్లో రేకులుండవు. రబ్బరు బుడిపె కింద మూడు ప్లాస్టిక్ పొరలుంటాయి, పై పొర మీది గీత కింది పొర మీది గీతని తాకితే అక్షరం. వాటి మధ్య పంచదార టీ చుక్క చేరిందా, పైకి లేవాల్సిన పొర అతుక్కుని కూర్చుంటుంది. నువ్వు వేలు తీసేశాననుకుంటావు, అది మాత్రం ఇంకా నొక్కుతూనే ఉన్నావనుకుంటుంది.

ఇంగ్లీషులో ఒక అక్షరం ఎక్కువైతే చదివేవాడు సర్దుకుంటాడు. మన తెలుగు గతి చూడు. ఇన్‌స్క్రిప్ట్‌లో ‘ప్ప’ రావాలంటే ప, పొల్లు, మళ్ళీ ప కొట్టాలి. మన వైపు సింహాద్రి అప్పన్న పేరు లేని వీధి ఉందా? ‘ప’ మీట జంటగా పడిందంటే అప్పలనాయుడు కాస్తా ‘అపప్పపలనాయుడు’ అవుతాడు. దీర్ఘం రెండుసార్లు పడితే ఇంకా ఘోరం, పట్టుకోడానికి అక్షరం దొరక్క రెండో దీర్ఘం చుక్కల సున్నా పక్కన వేలాడుతుంది. ఒక పెద్దాయన అర్జీ మీద నా కళ్ళారా చూశాను. నెట్ సెంటరు గుంటడు చూడకుండా కొట్టాడు, చూడకుండా ప్రింటు తీశాడు, పేరు కలవలేదని కాయితం తిరిగొచ్చింది. ఆయనకి మళ్ళీ బస్సు ఛార్జీ, మళ్ళీ ఒక పూట పని పోవడం. మా రోజుల్లో కొట్టిన కాయితం చదివి వినిపించి గానీ వేలిముద్ర వేయించేవాళ్ళం కాదు. అంకెలైతే మరీ కష్టం: 12 అంకెలకే చోటున్న గడిలో ఆధార్ నంబరు కొడుతుంటే మధ్యలో ఒకటి జంటగా పడితే చివరిది లోపలికే పోదు. పాస్‌వర్డయితే చుక్కలే కదా కనబడేది, తప్పెక్కడో తెలీదు. నాలుగుసార్లు కొట్టి ఖాతా తాళం పడ్డాక నెట్టుని తిడతారు. ముందు నోట్‌ప్యాడ్‌లో ఆ మీటలు కొట్టి చూసుకుంటే ఏం పోయింది?

ఇది మన పల్లెల జబ్బే అనుకోకు. లక్షలు పోసి కొనే యాపిల్ మ్యాక్‌బుక్‌లకీ పట్టింది. ఇంకా పల్చగా చెయ్యాలని 2015లో సీతాకోకచిలుక పేరుతో ఒక మీట పెట్టారు. ఇసుక రేణువంత దుమ్ము చేరినా అక్షరాలు జంటగా పడడం, అసలు పడకపోవడం మొదలైంది. 2018 జూన్‌లో ఆ కంపెనీయే ఉచితంగా బాగుచేసే పథకం ప్రకటించి, అక్షరాలు అనుకోకుండా మళ్ళీ మళ్ళీ పడడం అని జబ్బు పేరు రాసిపెట్టింది. 2019లో పాత కత్తెర మీటకి తిరిగొచ్చారు. కోర్టులో దావా 2022లో 5 కోట్ల డాలర్లకి రాజీ అయ్యింది. పల్చదనం మీద అంత మోజు దేనికి? మా మిషను ఎత్తాలంటే ఇద్దరు పట్టాలి, కానీ దుమ్ముకి భయపడేది కాదు.

దుమ్ముకి తోడు మనకి సముద్రం ఉంది. బారువ, భావనపాడు, కళింగపట్నం వైపు ఇంట్లో ఇనప మేకు కూడా ఏడాది తిరక్కుండా ఎర్రబడుతుంది. ఆ ఉప్పుగాలి కీబోర్డు రేకుల్ని ఒదిలేస్తుందా? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. కూలిన కొబ్బరిచెట్లకీ జీడితోటలకీ నష్టపరిహారం అర్జీలు రాయాల్సిన జనం, చీకట్లో కూర్చున్న కంప్యూటర్లు. టైపు మిషనుకి కరెంటక్కర్లేదు నాయనా. లాంతరు వెలుగులో కొట్టేవాళ్ళం.

సరే, ఆడలేక మద్దెల ఓడన్నట్టు కాకుండా ముందు అసలు దోషం ఎక్కడుందో పట్టు. నోట్‌ప్యాడ్ తెరిచి మీటలన్నీ ఒక్కొక్కటీ కొట్టు. ఒకటి రెండు మీటలే జంటగా పడుతున్నాయా? అయితే మురికో, అరుగుదలో. అన్నీ పడుతున్నాయా? అయితే మీటల జోలికి పోకు, సెట్టింగ్సులో రిపీట్ డిలే ఎవరో తగ్గించేసి ఉంటారు, పెంచి చూడు. వైర్లెస్‌దైతే బ్యాటరీ మార్చు. వేలెత్తిన కబురు గాల్లో కలిసిపోతే కంప్యూటరు నొక్కి ఉందనే అనుకుంటుంది. దాని రిసీవరు నీలంరంగు యూఎస్‌బీ పోర్టు పక్కనుంటే తీసి దూరంగా పెట్టు, ఆ పోర్టు రొద దీనికి అడ్డొస్తుంది. తర్వాత ఈ కీబోర్డుని ఇంకో కంప్యూటరుకీ, ఇంకో కీబోర్డుని ఈ కంప్యూటరుకీ తగిలించు. జబ్బు ఎవరి వెంట వెళ్తే దోషం వాళ్ళది. ల్యాప్‌టాపైతే బయటి కీబోర్డు తగిలించి చూడు, చాలు.

అత్యవసరంగా కాయితం పంపాలంటే కుడివైపు షిఫ్ట్ మీట ఎనిమిది సెకన్లు అదిమిపెట్టు, విండోస్‌లో ఫిల్టర్ కీస్ అడుగుతుంది. దాని సెట్టింగ్సులో అలా పెట్టుకుంటే వెంటవెంటనే పడే రెండో నొక్కుని అది లెక్కలోకి తీసుకోదు. కాకపోతే నువ్వు కావాలని కొట్టే జంట అక్షరాల్నీ మింగేస్తుంది, ఆగి ఆగి కొట్టాలి. అదీ మంచిదే, ఒక్కసారైనా నెమ్మదిగా కొడతావు.

మురికే అని తేలితే వైరు పీకి, బోర్లించి, వెనక అరచేత్తో తట్టు. రాలేవి చూస్తే నీకే సిగ్గేస్తుంది: జంతికల పొడి, వెంట్రుకలు, గోటి ముక్కలు. మెత్తటి బ్రష్షుతో ఊడ్చి, మీటల ఫొటో తీసుకుని, జంటగా పడేదాన్ని మాత్రం మెల్లగా పైకి లాగు. దూది పుల్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్ది లోపల తుడువు. పెట్రోలు మాత్రం ముట్టకు, ఇనుముకి పనికొచ్చింది, ప్లాస్టిక్కుని తినేస్తుంది. పూర్తిగా ఆరేదాకా ఆగు. ఆరకుండా తగిలిస్తే నేను ఊరుకోను. స్పేస్ బారు పీకకు, దాని కింద తీగ ఉంటుంది, మళ్ళీ కూర్చోబెట్టడం నీ వల్ల కాదు. అది నాకు ఒగ్గేయ్, నేను చూసుకుంటాను.